అటక మీది పాత సామాన్లు: ఏది ఏ లోహమో తేల్చుకోవడం ఎలా, దేన్ని దేనికి వాడుకోవాలి

పండగ ముందు అటక దులిపితే ఏ ఇంట్లోనైనా ఇదే కథ. గుండిగ, గంగాళం, రెండు బిందెలు, చెంబు పోయిన మూతలు, మూత పోయిన చెంబులు అన్నీ ఒకే నలుపు రంగులో కిందికి దిగుతాయి. "అంతా ఇత్తడే, పాత సామాన్ల కొట్లో వేసేద్దాం" అంటారు ఒకరు. "రాగి ఆరోగ్యానికి మంచిదంట, ఇకనుంచి వీటిల్లోనే వండుదాం" అంటారు ఇంకొకరు. రెండూ తొందరపాటు మాటలే. అమ్మేముందైనా, వండేముందైనా అది ఏ లోహమో తెలియాలి. అందుకు ఒక సాయంత్రం చాలు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో ఆ రెండు తప్పులూ జరిగాయి. చంద్రగిరిలో ఉండే మా అవ్వ పోయాక ఆమె సామాన్లు తిరుపతికి తెచ్చుకున్నాం. ఒక ఉగాదికి ఆమె ఇత్తడి గుండిగలోనే పులిహోర గొజ్జు కాచి, రాత్రంతా అందులోనే ఉంచేశాం. లోపలి కళాయి, అంటే తగరం పూత, అరిగిపోయిందని ఎవరం చూడలేదు. పొద్దున గొజ్జు అంచున ఆకుపచ్చ గీత కనిపించింది, కరివేపాకు రంగేమోలే అనుకున్నాం. తిన్న గంటలోపే పిల్లలిద్దరికీ వాంతులు. అవ్వ బతికున్నన్నాళ్లూ అదే గుండిగలో పులిహోర చేసింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె ఏటా కళాయి పోయించేది, అంతే తేడా. రెండో తప్పు, ఆమె అన్నం తిన్న కంచు పళ్లాన్ని ఇత్తడి లెక్కన తూకానికి వేసేయడం. అది మళ్లీ దొరకదు.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

ఒక అయస్కాంతం (పాత స్పీకరులోది చాలు), చిన్న ఆకురాయి, తెల్ల కాగితం, గట్టి దారం, వంటింటి డిజిటల్ కాటా. కాటా 1 గ్రాము తేడా చూపిస్తే పెద్ద వస్తువులకు సరిపోతుంది. కుంకుమ భరిణ లాంటి చిన్నవాటికి 0.1 గ్రాము చూపించేది కావాలి.

సామాన్లను మామూలు నీళ్లతో దుమ్ము పోయేలా కడిగి ఆరబెట్టండి. చింతపండు పెట్టి తోమడం ఇప్పుడే వద్దు. పైన పట్టిన చిలుము, మరకలు, అతుకులు, ఇవన్నీ ఆ లోహం ఏమిటో చెప్పే గుర్తులు. తోమితే అవి పోతాయి. పూజగదిలోని పాత పంచలోహ విగ్రహాలనైతే ఆకురాయితో అసలు ముట్టుకోవద్దు. వాటిలో ఎక్కువ భాగం రాగే ఉంటుంది. ఏ అయిదు లోహాలు కలపాలన్నది ఒక్కో పద్ధతిలో ఒక్కోలా చెబుతారు. మెత్తటి బట్టతో తుడిచి పక్కన పెట్టేయండి.

మొదట అయస్కాంతం

అతుక్కుంటే అది ఇనుము కుటుంబం. ఇత్తడి రంగులో మెరిసే దీపం కుందెకు అయస్కాంతం అతుక్కుందంటే లోపల ఇనుము, పైన పూత మాత్రమే. కాడ ఒకటే అతుక్కుంటే మధ్యలో ఇనుప బోల్టు ఉండొచ్చు, కాబట్టి నాలుగు చోట్ల పెట్టి చూడండి.

స్టీలు గిన్నెల విషయంలో చాలామంది ఇక్కడే పొరబడతారు. "అయస్కాంతం అతుక్కుంటే నకిలీ స్టీలు" అన్న మాట పూర్తిగా నిజం కాదు. మన రూపాయి బిళ్ల స్టెయిన్‌లెస్ స్టీలే, దాంట్లో ఇనుము 83 శాతం, క్రోమియం 17 శాతం. అయినా అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది. నికెల్ 8 శాతం దాకా కలిపిన స్టీలు (దాన్నే 304 అంటారు, క్రోమియం 18 శాతం) అతుక్కోదు, ఒత్తి వంచిన అంచుల దగ్గర మాత్రం కొంచెం లాగుతుంది. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చవక రకం 200 సిరీస్ స్టీలు కూడా అతుక్కోదు. అంటే అతుక్కోనంత మాత్రాన మంచిదని చెప్పలేం. ఇండక్షన్ స్టవ్ కొన్నవాళ్లకైతే అతుక్కునే గిన్నే కావాలి.

స్టీలుకు తుప్పు పట్టకుండా కాపాడేది క్రోమియం. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనపడనంత పలుచటి పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ కట్టుకుంటుంది. దాన్ని పాడుచేసేది ఉప్పు. చల్లటి నీళ్లలో రాళ్లుప్పు వేసి స్టీలు గిన్నె అడుగున అలాగే వదిలేస్తే సూది గుచ్చినట్టు చుక్కలు పడతాయి. నీళ్లు మరిగాక ఉప్పు వేసి కలపండి. ఊరగాయకు జాడీ వాడటం కూడా ఇందుకే.

తర్వాత గీత

అయస్కాంతం అతుక్కోని వాటిని తిరగేసి, అడుగు అంచున కనపడని చోట ఆకురాయితో ఒకటిరెండుసార్లు రుద్దండి. పైనున్న నలుపు పోయి అసలు రంగు బయటపడుతుంది. ఎర్రగా ఉంటే రాగి. పసుపుగా ఉంటే ఇత్తడి, అంటే రాగిలో జింకు కలిపినది. పసుపులో కొద్దిగా గోధుమ రంగు, బూడిద ఛాయ ఉంటే కంచు కావచ్చు, అది రాగిలో తగరం కలిపినది. తెల్లగా ఉంటే అల్యూమినియం, తగరం, వెండి, జర్మన్ సిల్వర్ ఏదైనా కావచ్చు. పైన ఒక రంగు, గీసిన చోట ఇంకో రంగు కనిపిస్తే పూత. పూత అనగానే మోసం అనుకోనక్కరలేదు. గుడి ధ్వజస్తంభానికి చెక్క మీద రాగి రేకు తొడిగి, దాని మీద బంగారు పూత వేయించడం ఉంది. రాగి సాగుతుంది, ఒదుగుతుంది, పూతను బాగా పట్టుకుంటుంది.

కంచును పట్టించేది మోత. పళ్లాన్ని మూడు వేళ్ల కొనల మీద నిలిపి చెక్క గరిటెతో అంచున తట్టండి. ఇత్తడి ఠంగుమని ఆగిపోతుంది. కంచు మోగుతూనే ఉంటుంది, మోత ఆగాక కూడా వేళ్లకు అదురు తెలుస్తుంది. మంచి కంచులో రాగి సుమారు 78 పాళ్లు, తగరం 22 పాళ్లు. అంత తగరం చేరితే లోహం గట్టిపడుతుంది, అదే సమయంలో పెళుసవుతుంది. కంచు పళ్లెం కింద పడితే పగిలేది అందుకే. తగరం ఖరీదు రాగి కంటే ఎక్కువ కాబట్టి ఇత్తడి ధరకు కంచును ఇవ్వడం నష్టం. ఈ ఒక్క పరీక్ష అప్పుడు మాకు తెలిసుంటే అవ్వ పళ్లెం ఈరోజు ఇంట్లో ఉండేది.

నీళ్లలో తూకం

నాకు అన్నింటికంటే నమ్మకమైన పరీక్ష ఇది. రంగు మోసం చేయొచ్చు, పూత మోసం చేయొచ్చు, బరువు చేయదు. ఇలా చేయండి:

1. వస్తువును పొడిగా తూచి గ్రాములు రాసుకోండి.
2. అది మునిగేంత గిన్నెలో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, టేర్ బటన్ నొక్కి సున్నా చేయండి.
3. వస్తువుకు దారం కట్టి, చేత్తో పట్టుకుని నీళ్లలోకి దించండి. పూర్తిగా మునగాలి, అడుగుకూ గోడలకూ తగలకూడదు. లోపల గాలి బుడగ నిలవకుండా ఒకసారి వంచి తిప్పండి.
4. ఇప్పుడు కాటా చూపించే అంకె రాసుకోండి. వస్తువు ఎన్ని మిల్లీలీటర్ల నీటిని పక్కకు నెట్టిందో అదే ఆ అంకె.
5. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి. వచ్చేది ఆ లోహం సాంద్రత, అంటే ఒక మిల్లీలీటరు లోహం ఎన్ని గ్రాములో.

మా ఇంటి దీపం కుందె 640 గ్రాములు. నీళ్లలో దించితే 75 చూపించింది. భాగిస్తే 8.53, అంటే ఇత్తడి. వెండిదని ఇన్నేళ్లు బీరువాలో దాచిన కుంకుమ భరిణ 122 గ్రాములు. నీళ్లలో 14.1. భాగిస్తే 8.65. స్వచ్ఛమైన వెండి అయితే 10.5 రావాలి, నగల వెండికైనా 10 దాటాలి. కాబట్టి అది జర్మన్ సిల్వర్. పేరులోనే సిల్వర్ తప్ప అందులో వెండి లేదు, ఉండేది రాగి, నికెల్, జింకు.

మీ లెక్కకు పనికొచ్చే అంకెలు: అల్యూమినియం 2.7, జింకు 7.1, తగరం 7.3, ఇనుము 7.87, ఇత్తడి 8.4 నుంచి 8.7, కంచు 8.6 నుంచి 8.8, రాగి 8.96, వెండి 10.5, సీసం 11.3, బంగారం 19.3. ఇత్తడీ కంచూ ఇక్కడ దగ్గర దగ్గరగా ఉన్నాయి కదా, ఆ రెంటి మధ్య మోతనే నమ్మండి. లోపల డొల్లగా ఉండి మూసుకుపోయిన విగ్రహాలకు ఈ లెక్క కుదరదు.

సత్తు గిన్నె ఏ సత్తు?

మన వైపు "సత్తు" అనే మాట రెండు లోహాలకు వాడతాం, చిక్కు అక్కడే. ఈ కాలంలో సత్తు గిన్నె అంటే అల్యూమినియం. పాతకాలంలో చారు కాచిన సత్తు గిన్నె తగరానిది, చిత్తూరు వైపు తమిళం కలిసిన ఇళ్లలో ఈయచెంబు అంటారు. చేతికి తీసుకుంటేనే తేడా తెలుస్తుంది, తగరం అదే సైజు అల్యూమినియం కంటే రెండున్నర రెట్లకు పైగా బరువు.

తగరం కరిగేది 232 డిగ్రీలకు. గ్యాసు మంట మీద ఖాళీ ఈయచెంబు పెడితే కళ్ల ముందే అడుగు జారిపోతుంది. ముందు చారు నీళ్లు పోయాలి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించాలి. నీళ్లు ఉన్నంతసేపూ అడుగు వేడి నూరు డిగ్రీలకు దగ్గరలోనే ఉంటుంది కాబట్టి ఏమీ కాదు. పోపు మాత్రం వేరే గరిటెలో పెట్టుకుని పైన పోయండి.

కొత్తది కొనేటప్పుడు భయపడాల్సింది సీసం గురించి. సీసం చవక, బరువు, తగరంలో సులువుగా కలిసిపోతుంది. ఒంట్లోకి వెళ్తే, ముఖ్యంగా పిల్లలకు, మెదడు మీద దెబ్బ కొడుతుంది. తాగే నీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రాగికి ఆ హద్దు 2 మిల్లీగ్రాములు. ఆ తేడాను బట్టి సీసం ఎంత చెడ్డదో ఊహించుకోండి. అంచును తెల్ల కాగితం మీద గీయండి, పెన్సిల్‌తో రాసినట్టు బూడిద గీత పడితే అందులో సీసం ఉందని అనుమానించాలి. నీళ్ల తూకంలో 7.3 కంటే బాగా ఎక్కువ వచ్చినా అంతే. ఈ రెండింటిలో పాసైనంత మాత్రాన కొంచెం కూడా సీసం లేదని చెప్పలేం. పుల్లటిది కాచే గిన్నె కాబట్టి, ల్యాబ్ రిపోర్టు చూపించగలిగిన చోటే కొనండి.

అల్యూమినియం సంగతి వేరే. దానికీ స్టీలులాగే పైన రక్షణ పొర ఉంటుంది, కానీ పులుపూ సోడా రెండూ ఆ పొరను తినేస్తాయి. అందుకే సత్తు దబరాలో అన్నం వార్చుకోవచ్చు, పాలు కాచుకోవచ్చు. చింతపండు పులుసు, టమోటా పప్పు, మజ్జిగ వద్దు. బోరు నీళ్లు మరిగిస్తే లోపల నల్లబడుతుంది, ఆ నలుపును పీచుతో తోమి తోమి గిన్నెను పలచన చేసుకోవద్దు.

కళాయి పోయించడం

రాగి, ఇత్తడి గిన్నెల్లో వండాలంటే ఇది తప్పదు. రాగి చెంబులో మంచినీళ్లు మాత్రమే ఉంచుకోవచ్చు. నిమ్మరసం, మజ్జిగ, తేనె కలిపిన నీళ్లు ఏవీ పోయకూడదు. పులుపు తగిలితే రాగి కరిగి తిండిలోకి దిగుతుంది. మా పులిహోరలో జరిగింది అదే.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల ఇత్తడి సామాన్ల కొట్లలో అడిగితే కళాయి పోసేవాళ్ల ఆచూకీ చెబుతారు. ఇచ్చి వచ్చేయకుండా అక్కడే నిలబడి చూడండి. ముందు గిన్నె లోపలంతా శుభ్రంగా తోమాలి, ఎక్కడా జిడ్డు ఉండకూడదు. తర్వాత బొగ్గుల మీద పెట్టి గాలి కొడుతూ కాలుస్తారు. బాగా కాలాక నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లితే గుప్పుమని తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగతోనే లోహం మీది మురికి పొర వదులుతుంది. వెంటనే తగరం కడ్డీని లోపల ఆనిస్తే వెన్నలా కరుగుతుంది. దాన్ని దూదితో ఒక్క ఊపులో చుట్టూ తిప్పి తుడుస్తారు. పసుపు గిన్నె లోపల చూస్తుండగానే అద్దంలా తెల్లబడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. పొగకు ఎదురుగా మాత్రం నిలబడొద్దు, పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు.

పని మొదలుపెట్టకముందే అడగాల్సింది ఒకటుంది. తగరం కడ్డీని చేతికి తీసుకుని చెవి దగ్గర వంచండి. శుద్ధమైన తగరం కిరకిరమని చిన్నగా శబ్దం చేస్తుంది, లోపలి స్ఫటికాల అమరిక ఒక్కసారిగా మారడం వల్ల. సీసం ఎక్కువ కలిస్తే ఆ శబ్దం రాదు, మెత్తగా వంగిపోతుంది. కాగితం మీద కూడా గీయండి. అనుమానం వస్తే మొహమాటపడకుండా గిన్నె వెనక్కి తీసుకోండి. ఆ తర్వాత చేతులు కడుక్కోండి.

కళాయి పోసిన గిన్నెను ఖాళీగా మంట మీద పెట్టకూడదు, నూనె బాగా కాచకూడదు, ఇనుప పీచుతో తోమకూడదు. లోపల ఎక్కడైనా ఎరుపో పసుపో తొంగిచూసిన రోజే మళ్లీ పోయించాలి. పాత బిందెలకు చిల్లులు పడితే మాట్లు వేయించేవాళ్లు, ఆ మాటు సాధారణంగా సీసం కలిపిన టంకమే. మాటు ఉన్న గిన్నెను తాగే నీళ్లకూ వంటకూ వాడొద్దు, అందులో మొక్క పెట్టుకోండి.

పోత ఇనుము పెనం

దోసెకు దీన్ని మించింది లేదు. ఇనుములో కార్బన్ 2 శాతం దాటితే పోత ఇనుము. వేడిని పట్టి ఉంచుతుంది, కానీ రాతి నేల మీద పడితే పగులుతుంది. దాంట్లో కార్బన్ పలకలు పలకలుగా పేరుకుని ఉండటం దానికి కారణం. కరిగిన ఇనుములో కాస్త మెగ్నీషియం కలిపితే ఆ పలకలు గుండ్రటి ఉండలవుతాయి, లోహం పగలకుండా వంగుతుంది. శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో పోసే డక్టైల్ ఇనుప పైపుల వెనకున్న సూత్రం అదే. పెనం కడిగాక నీళ్లు ఆరేదాకా పొయ్యి మీద ఉంచి, వేడి మీదే నూనె గుడ్డతో తుడవండి.

వంటింటి బయట

జింకు పూసిన బకెట్లు, రేకులు మంచినీళ్లకు, పైకప్పుకు సరే. మజ్జిగ, పచ్చడి వాటిల్లో వద్దు. పాత జీఐ (జింకు పూసిన ఇనుము) పైపునో రేకునో వెల్డింగ్ చేయిస్తుంటే దగ్గర నిలబడకండి. జింకు 907 డిగ్రీలకు ఆవిరవుతుంది, ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

పాత ఇంట్లో అల్యూమినియం వైరు ఉంటే దాన్ని కొత్త రాగి వైరుతో మెలిపెట్టి టేపు చుట్టొద్దు. రెండు లోహాలు కలిసిన చోట తేమ తగిలితే అల్యూమినియం తినుకుపోతుంది, అతుకు వదులై వేడెక్కుతుంది. అందుకోసమే చేసిన కనెక్టర్లు దొరుకుతాయి, ఎలక్ట్రీషియన్‌తో అవే వేయించండి.

ఇన్వర్టర్ బ్యాటరీ లోపల సాధారణంగా ఉండేది సీసం. సీసం మరీ మెత్తన కాబట్టి పలకలు నిలబడటానికి యాంటిమొనీనో కాల్షియాన్నో కొద్దిగా కలుపుతారు. పక్కనే కరకంబాడిలో బ్యాటరీల కంపెనీ ఉన్న మా తిరుపతిలో ఉంటూ ఈ మాట తెలియకపోతే ఎలా! యాంటిమొనీ అర్ధలోహం. లోహంలా మెరుస్తుంది, కొడితే మాత్రం పొడి అవుతుంది. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పూత పేరుకుంటే కనెక్షన్ తీసి, గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి తుడిచి, ఆరాక వేజలిన్ రాయండి. సోడా నీళ్లు సెల్ లోపలికి పోకూడదు, అందులోకి డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. పాతబడిన బ్యాటరీని డీలరుకే తిరిగి ఇవ్వండి, 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదార్లది. ఇంట్లో పగలగొట్టి సీసం తీయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఇంకో అర్ధలోహం సిలికాన్, మిద్దె మీద సోలార్ ప్యానెల్‌లో ఉంటుంది. వెలుతురు ఎక్కువైతే కరెంటు పెరుగుతుంది, వేడి ఎక్కువైతే తగ్గుతుంది. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర లెక్క. ఒక్కో డిగ్రీ పెరిగితే ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. మన మే నెల ఎండకు ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 12 నుంచి 16 శాతం దాకా పోయినట్టే. అందుకే ప్యానెల్‌కూ మిద్దెకూ మధ్య గాలి ఆడే సందు ఉండాలి. తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడే కడగాలి. బోరు నీళ్లతో కడిగితే తెల్ల మరకలు నిలుస్తాయి, చివర్లో మెత్తటి బట్టతో తుడిచేయండి.

బోరాన్ కూడా అర్ధలోహమే, దాని పేరు విననివాళ్లు కూడా అది ఉండే వెలిగారం చూసే ఉంటారు. కంసాలి నగ అతికేముందు రాసేది అదే. కరిగి గాజులా పరుచుకుని గాలి తగలనివ్వదు, టంకం చక్కగా పారుతుంది. ఓవెన్‌లో పెట్టే చాలా గాజు గిన్నెల్లోనూ బోరాన్ ఉంటుంది. మామూలు గాజు వేడికి వ్యాకోచించేదాంట్లో ఇది మూడో వంతే వ్యాకోచిస్తుంది, కాబట్టి వేడికి సులువుగా పగలదు.

అమ్మే ముందు

రాగి, ఇత్తడి, కంచు, అల్యూమినియం, స్టీలు, ఇనుము విడివిడిగా కుప్పలు పెట్టి ఇంట్లోనే తూచి రాసుకోండి. కలిపి ఇస్తే అన్నింటికీ తక్కువ రకం ధరే కడతారు. ఇత్తడి చెంబుకున్న ఇనుప కాడను విప్పి వేరు చేయండి. రెండు మూడు కొట్లలో ధర అడిగి, అప్పుడు తీసుకెళ్లండి.

ఉంచుకునేవాటికి ఒక్కో చీటీ కట్టండి. లోహం పేరు, బరువు, కళాయి పోయించిన తేదీ రాయండి. మా గుండిగకు ఇప్పుడు చీటీ ఉంది. పోయిన ఉగాదికి మళ్లీ అందులోనే గొజ్జు కాచాం, దించగానే జాడీలోకి మార్చేశాం.